గ్లవ్స్ ఇచ్చాం, బోర్డులు పెట్టాం, అయినా వేళ్ళ గాయాలు ఆగట్లేదు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న

మాది ఫ్యాబ్రికేషన్ షాపు. బెంచ్ గ్రైండర్లు, డ్రిల్లింగ్ మెషిన్లు, ప్రెస్సులు, ఒక కన్వేయర్ ఉన్నాయి. రోజూ షిఫ్టు మొదట్లో టూల్‌బాక్స్ టాక్ (భద్రత గురించి చిన్న మాటామంతీ) జరుగుతుంది. గ్లవ్స్, కళ్ళద్దాలు అందరికీ ఇచ్చాం. అయినా ఫస్ట్ ఎయిడ్ రిజిస్టర్ తిరగేస్తే ఎక్కువగా వేళ్ళ దెబ్బలే. విచారణ రిపోర్టులన్నిట్లోనూ కారణం ఒకటే: "కార్మికుడి అజాగ్రత్త". నియర్ మిస్ (దెబ్బ తగలకుండా తృటిలో తప్పిన ఘటన) చీటీలు వేసే పెట్టె ఎప్పుడు తెరిచినా ఖాళీయే. దారి చెప్పండి.

జవాబు

ముందు ఆ "అజాగ్రత్త" అన్న మాట రిపోర్టుల్లో రాయకుండా ఆపండి. అది రాసేశాక ఇంకేమీ వెతకరు, ఫైలు మూసేస్తారు. రిజిస్టర్‌లో ఉన్న ఒక్కో దెబ్బకీ మూడు సంగతులు రాసుకోండి: ఏ మెషిన్, ఆ క్షణంలో చెయ్యి ఏం పని చేస్తోంది, మెషిన్ తిరుగుతోందా ఆగి ఉందా. మామూలుగా ముక్కలు తీసే పనిలో కన్నా ఇరుక్కున్న ముక్క లాగేటప్పుడు, చిప్స్ (లోహపు పొట్టు) తుడిచేటప్పుడు, బెల్ట్ సర్దేటప్పుడు తగిలినవే ఎక్కువ కనిపించే అవకాశం ఉంది. మరి టూల్‌బాక్స్ టాక్‌లో ఈ పనుల ఊసు వస్తోందా?

గ్లవ్స్ సంగతి కూడా చూడండి. డ్రిల్లింగ్ మెషిన్ దగ్గర అవే ప్రమాదం. గ్లవ్ వేలి కొస గుడ్డ బిట్‌కి తగిలితే చాలు, చుట్టుకుని వేలిని లోపలికి లాగేస్తుంది. తిరిగే స్పిండిల్ (బిట్‌ను, వీల్‌ను తిప్పే ఇరుసు) దగ్గర గ్లవ్స్ వద్దు, పొడుగు చేతుల చొక్కా వదులుగా ఉండకూడదు. జాబ్‌ను చేత్తో పట్టుకోకుండా వైస్‌లో బిగించాలి. చిప్స్ మెషిన్ ఆపాకే, బ్రష్‌తోనే తీయాలి.

బెంచ్ గ్రైండర్‌కి ముక్క ఆనించే టూల్ రెస్ట్‌కీ వీల్‌కీ మధ్య సందు 3 మి.మీ. మించకూడదు, పైనున్న టంగ్ గార్డ్ (వీల్ కవచం కొసన సర్దే పలక) దగ్గర 6 మి.మీ. మించకూడదు. వీల్ అరిగేకొద్దీ ఈ సందు దానంతటదే పెరుగుతుంది, ఎవరూ గమనించరు. ఒకరోజు చిన్న ముక్క అందులోకి జారి ఇరుక్కుంటుంది, వీల్ పగులుతుంది. సర్దేది వీల్ పూర్తిగా ఆగాకే. కొత్త వీల్ ఎక్కించే ముందు దానిమీద రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం స్పిండిల్ వేగం కన్నా తక్కువ కాకుండా చూసుకోండి. పొడిగా ఉన్న వీల్‌ను వేలికి తగిలించి స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మెల్లగా తట్టండి. ఖంగుమని మోగాలి. బొంగురుగా వినిపిస్తే బిగించకండి, పక్కన పారేయండి. బిగించాక గార్డ్ మూసి, ఎదురుగా కాకుండా పక్కకు నిలబడి, ఒక నిమిషం ఖాళీగా తిప్పి చూడండి.

మరొకరి జవాబు (మెయింటెనెన్స్)

కన్వేయర్‌లో, ప్రెస్‌లో చెయ్యి పెట్టేవాళ్ళు చాలామంది ఎమర్జెన్సీ స్టాప్ నొక్కి "ఆపేశాం" అనుకుంటారు. అది కంట్రోల్ సర్క్యూట్‌ను ఆపుతుందే గానీ కరెంటును మెషిన్ నుంచి వేరు చేయదు. ఎవరో బటన్ తిప్పి వదిలితే మళ్ళీ స్టార్ట్ చేసేయొచ్చు. వరస ఇదీ: ఆ మెషిన్‌తో పనున్న అందరికీ చెప్పాలి, మామూలు పద్ధతిలో ఆపాలి, మెయిన్ ఐసొలేటర్ (కరెంటును పూర్తిగా వేరు చేసే స్విచ్) ఆఫ్ చేయాలి, తన తాళం వేసి పేరున్న ట్యాగ్ కట్టాలి. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు, ఎవరి తాళంచెవి వారి జేబులోనే.

చాలాచోట్ల తాళం దగ్గరే పని ఆగిపోతుంది. లోపల మిగిలిన శక్తి సంగతి మర్చిపోతారు. ఎయిర్ లైన్‌లో గాలి వదిలేయాలి, ప్రెస్ ర్యామ్ (పైనుంచి దిగే భాగం) కింద బ్లాక్ పెట్టాలి, స్ప్రింగులు వదులు చేయాలి. డ్రైవ్ ప్యానెల్‌లో కెపాసిటర్లు (కరెంటు నిల్వ ఉంచే భాగాలు) డిశ్చార్జ్ కావడానికి తయారీదారు లేబుల్ మీద రాసినన్ని నిమిషాలు ఆగాలి. తర్వాత టెస్టర్‌ను ముందు కరెంటున్న చోట పెట్టి పనిచేస్తోందని చూసుకుని, పని చేయబోయే చోట పెట్టి, మళ్ళీ కరెంటున్న చోట పెట్టి చూడాలి. చెడిపోయిన టెస్టర్ కూడా "కరెంటు లేదు" అనే చూపిస్తుంది మరి. చివరగా స్టార్ట్ బటన్ నొక్కి, కదలడం లేదని తేలాక స్విచ్ మళ్ళీ ఆఫ్‌లో పెట్టాలి.

అడిగినవారు

థాంక్సండీ. ఇంకో చిక్కుంది. గార్డులు పెడితే ఆపరేటర్లే ఊడదీస్తున్నారు. తిట్టినా లాభం లేదు.

జవాబు

తిట్టడం మానేసి ఎందుకు తీస్తున్నారో అడగండి. గ్రీజు పెట్టాలంటే గార్డ్ తీయక తప్పకపోతే ఎవరైనా తీసే తీరతారు. ఒక పైపు వేసి గ్రీజు నిపుల్‌ను గార్డ్ బయటికి తెస్తే ఆ గొడవ తీరిపోతుంది. లోపల కనపడక తీస్తుంటే పాలీకార్బొనేట్ కిటికీ పెట్టండి. మాటిమాటికీ తెరవాల్సిన తలుపైతే ఇంటర్‌లాక్ స్విచ్ (తలుపు తెరవగానే మెషిన్‌ను ఆపేది) కావాలి. ఇక గార్డ్ జాలీ కొలతలు: ఐఎస్ఓ 13857 (మెషిన్ల దగ్గర భద్రతా దూరాల అంతర్జాతీయ ప్రమాణం) ప్రకారం సన్నని పొడుగు గాడి వెడల్పు 6 మి.మీ. లోపు ఉంటే ప్రమాద స్థలం కనీసం 10 మి.మీ. దూరంలో ఉండాలి. అదే గాడి 10 మి.మీ. అయితే దూరం 80 మి.మీ.కి పెరుగుతుంది. 20 మి.మీ. దాటితే అరచెయ్యి బల్లపరుపుగా దూరిపోతుంది, అప్పుడు కావలసింది 850 మి.మీ. చాలామంది "చిన్న సందే కదా" అని గార్డ్‌ను మెషిన్‌కి మరీ ఆనించేస్తారు, తప్పు అక్కడే జరుగుతుంది.

నియర్ మిస్ పెట్టె ఖాళీ ఎందుకో నా అంచనా చెబుతా. "ఇన్ని రోజులు ప్రమాదం లేదు" అని బహుమతులు ఇస్తున్నట్టయితే ఆపేయండి. అలాంటి బహుమతితో దెబ్బలు తగ్గవు, దాచడం మొదలవుతుంది. ఏం జరిగింది, ఎక్కడ, ఏం చేస్తే బాగుంటుంది అని మూడు గీతల కార్డు పెట్టండి, పేరు ఐచ్ఛికం. వచ్చిన కార్డుకు ఏం చేశారో, చేయలేకపోతే ఎందుకో రెండు రోజుల్లో బోర్డు మీద రాయండి. మొదటి కొన్ని కార్డులకు వెంటనే మరమ్మతు జరిగితే తర్వాతవి అవే వస్తాయి.

అడిగినవారు

తాళం వేసినవాడు చెవి జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళిపోతే?

జవాబు (మెయింటెనెన్స్)

కట్టర్ తీసుకుని పరుగెత్తకండి. అతను ప్లాంటులో లేడని ఖాయం చేసుకోవాలి, ఫోన్ చేయాలి, మెషిన్ చుట్టూ తిరిగి లోపల ఎవరూ, ఏ పనిముట్టూ లేవని చూడాలి. ఆ తర్వాత ముందే రాసిపెట్టుకున్న పద్ధతి ప్రకారం, అధికారం ఇచ్చిన సూపర్‌వైజరే తాళం కోసి రిజిస్టర్‌లో రాయాలి. మర్నాడు అతను మెషిన్ ముట్టుకోకముందే "నీ తాళం తీసేశాం" అని చెప్పాలి. చెప్పకపోతే అది ఇంకా వేసే ఉందనుకుని చెయ్యి లోపల పెట్టేస్తాడు.