టొరంటోలో ఎలక్ట్రీషియన్ పని: ఫీజు కట్టకముందు, కావలి వదలకముందు

సోదరా, ఐటీఐలో రెండేళ్ల ఎలక్ట్రీషియన్ కోర్సు, ఆపైన అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్ల మోటార్లు, స్టార్టర్లు, జనరేటర్ల పని, ఈ మధ్య కావలిలో ఇళ్ల వైరింగు చేశానని రాసి, టొరంటోలో ఏ స్కూల్లో చేరితే మంచిదని అడిగారు. ఇప్పుడే ఏ స్కూలుకూ డబ్బు కట్టవద్దని నా మనవి.

మన దగ్గర ముందు ఐటీఐ, తర్వాత అప్రెంటిస్, ఆ తర్వాత పని. టొరంటో ఉన్న ఆంటారియో రాష్ట్రంలో పని ఇచ్చే యజమాని దొరకడంతోనే చదువు మొదలవుతుంది. ఎలక్ట్రీషియన్, ప్లంబర్, ఏసీ మెకానిక్, కారు మెకానిక్ పనులను అక్కడ లైసెన్సు ఉన్నవారు గానీ, అప్రెంటిస్‌గా నమోదైనవారు గానీ తప్ప ఇతరులు చేయకూడదు. భవనాల ఎలక్ట్రీషియన్ పనిని 309ఏ అంటారు. దాని శిక్షణ సుమారు 9,000 గంటలు, అంటే దాదాపు ఐదేళ్లు. అందులో తరగతి గదిలో గడిపేది 840 గంటలే, అదీ మూడు విడతలుగా. మిగిలినదంతా జీతం తీసుకుంటూ సైటు మీద నేర్చుకునేదే.

ఈ సంగతి తెలియక నేను టొరంటో వెళ్లిన కొత్తలో ఒక ప్రైవేటు స్కూలుకు, ఇంటి నుంచి తెచ్చుకున్న డబ్బులో చాలా భాగం కట్టాను. వారిచ్చిన సర్టిఫికెట్ పట్టుకుని వెళితే, కాంట్రాక్టర్లు దాన్ని పక్కన పెట్టి, ఎన్ని గంటల పని నమోదైందని మాత్రమే అడిగారు.

అందువల్ల మీకున్న అసలు ఆస్తి మీరు ఇంతవరకు చేసిన పని. 2022 నుంచి ఈ వ్యవహారాలు చూస్తున్న స్కిల్డ్ ట్రేడ్స్ ఆంటారియో సంస్థ, విదేశంలో చేసిన పనిని పరిశీలించి, అది సరిపోతుందనుకుంటే నేరుగా లైసెన్సు పరీక్ష రాయడానికి అనుమతిస్తుంది. పరీక్షలో 70 శాతం రావాలి. అయితే రుజువు కావాలి. చెరువుల యజమానులు చాలామంది చేతికి డబ్బిచ్చి పంపేవారే తప్ప కాగితం రాసిచ్చేవారు కారు కనుక, మీరు ఎవరి కింద పనిచేశారో ఆ లైసెన్సు కాంట్రాక్టరు దగ్గర, ఆయన లెటర్‌హెడ్ మీద, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు, వారానికి ఎన్ని గంటలు, ఏయే పనులు చేశారో విడివిడిగా ఇంగ్లీషులో రాయించుకోండి. అక్కడికి వెళ్లాక ఫోనులో అడిగి తెప్పించుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు.

అనుమతి వచ్చినా వెంటనే పరీక్షకు కూర్చోవద్దు. మన 230 వోల్టులు, 50 హెర్ట్జ్‌కు బదులు అక్కడ ఇళ్లలో 120, 240 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇటుక గోడకు గాడి కొట్టి పైపు వేసే పని ఉండదు, చెక్క నిలువులకు రంధ్రాలు చేసి కేబుల్ లాగుతారు. అన్నిటికంటే ముఖ్యం, మన దగ్గర న్యూట్రల్‌గా చేతికి అలవాటైన నల్ల తీగ అక్కడ కరెంటు ఉండే తీగ. తెల్లది న్యూట్రల్. ఇది మార్కుల విషయం కాదు, ప్రాణాల విషయం. కెనడా ఎలక్ట్రికల్ కోడ్, అంటే అక్కడి కరెంటు పనుల నియమాల పుస్తకం కొని, రోజూ కొన్ని పేజీలు చదవండి.

మీరు శాశ్వత నివాసిగా వెళుతున్నారు కాబట్టి, ప్రభుత్వ ఖర్చుతో నడిచే ప్రీ-అప్రెంటిస్‌షిప్, అంటే అప్రెంటిస్‌గా చేరడానికి ముందు ఇచ్చే శిక్షణకు ప్రయత్నించవచ్చు. అందులో సైటు మీద పని అనుభవం కూడా ఇప్పిస్తారు, యజమానులతో పరిచయం అక్కడే మొదలవుతుంది. టొరంటో కాలేజీలైన జార్జ్ బ్రౌన్ కాసా లోమా క్యాంపస్‌లోనూ, హంబర్‌లోనూ నిర్మాణ రంగపు పనులు నేర్పుతారు. మీ బావమరిదికి కారు మెకానిక్ పని మీద ఆసక్తి అన్నారు కదా, ఆయన సెంటెనియల్ కాలేజీ వారి ఆష్టన్‌బీ క్యాంపస్ చూడవచ్చు. ఎలక్ట్రీషియన్ల యూనియన్ ఐబీఈడబ్ల్యూ లోకల్ 353 అప్రెంటిస్‌లను ఎప్పుడు తీసుకుంటుందో కూడా గమనిస్తూ ఉండండి. స్టూడెంట్ పర్మిట్ మీద వచ్చే మిత్రులకు మాత్రం ఈ సలహా యథాతథంగా చెప్పకండి, వారి నిబంధనలు వేరు.

కాంట్రాక్టరు గారు సంతకం చేయకముందే ఆ ఉత్తరం చిత్తుప్రతి నాకు పంపండి. ఏమి తగ్గిందో చూసి చెబుతాను.