దీన్‌దయాళ్ గాజు ప్లేట్లు హైదరాబాదుకు రావాలా, ఢిల్లీలోనే ఉండాలా?

చార్మినార్_చౌరస్తా:

ఒక వినతిపత్రం రాస్తున్నాను, చిత్తుప్రతి జతచేశాను. పంపే ముందు ఇక్కడ అందరి అభిప్రాయం కావాలి. నిజాం కాలపు ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ స్టూడియోకి చెందిన 2,857 గాజు నెగెటివ్‌లు (ఫిల్మ్ రాకముందు ఫొటో తీసిన గాజు పలకలు) ఢిల్లీలో, ఇందిరాగాంధీ జాతీయ కళా కేంద్రంలో ఉన్నాయి. 1989లో ఆ సంస్థ వాటిని సేకరించింది. అవి హైదరాబాదుకు రావాలన్నది నా వాదన.

తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టారు. రూర్కీ ఇంజినీరింగ్ కాలేజీలో చదువుకుని ఇండోర్‌లో ప్రభుత్వ నిర్మాణ శాఖ ఆఫీసులో నక్షాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. ముప్ఫై ఏళ్ల వయసులో కెమెరా పట్టారు. 1880ల మధ్యలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులోకి వచ్చారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో తెరిచారు. ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చింది నిజామే. చార్మినార్, గోల్కొండ, ఫలక్‌నుమా ఆ రోజుల్లో ఎలా ఉండేవో మనకు తెలిసింది చాలావరకు ఆయన ఫొటోల వల్లే. బషీర్‌బాగ్ ప్యాలెస్‌ను కూల్చేశారు. ఇవాళ ఆ ప్రాంతానికి పేరే మిగిలింది. ఆ ప్యాలెస్ లోపలి హాళ్లు, షాండ్లియర్లు చూడాలంటే ఆయన తీసిన ఫొటోలే దిక్కు.

ఆయనకు బిరుదిచ్చి, పనిచ్చి, పేరిచ్చిన ఊరు ఇది. మన పిల్లలు ఆ ప్లేట్లు చూడాలంటే రైలెక్కి ఢిల్లీ పోవాలా?

డార్క్‌రూమ్_బాబాయ్:

బాబూ, నీ బాధ న్యాయమైనదే. కానీ గాజు ప్లేట్లతో పనిచేసినవాడిగా చెప్తున్నాను, వాటిని కదిలించొద్దు.

గాజు పలక మీద జెలటిన్ పొర ఉంటుంది. బొమ్మంతా ఆ పొరలోనే, వెండి రేణువుల రూపంలో ఉంటుంది. జెలటిన్ తేమను పీల్చుకుంటే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. గాజు మాత్రం ఉబ్బదు, ముడుచుకోదు. ఇలా పదేపదే జరిగితే అంచుల దగ్గర పొర లేచిపోతుంది. ఒకసారి లేచిందంటే ఇక మామూలు చేతులతో అతికేది కాదు. పైగా పాత ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చకూడదు. ఒక్కొక్కటీ విడిగా కాగితపు కవర్లో పెట్టి, పొడుగు అంచు మీద నిలబెట్టాలి. పన్నెండు అంగుళాల ప్లేట్లు ఓ పాతిక పెట్టిన పెట్టె ఎత్తి చూస్తే బరువు తెలుస్తుంది. వేల ప్లేట్లను లారీలోనో విమానంలోనో తెస్తే కొన్ని పగలకుండా చేరవు. ఏవి పగలాలో ఎవరు నిర్ణయిస్తారు?

రామ్‌నగర్_రాధిక:

బాబాయ్ గారూ, కదిలించడం ప్రమాదం అన్నంతవరకు మీ మాట ఒప్పుకుంటాను. కానీ ఢిల్లీ వాతావరణం మాత్రం గాజు ప్లేట్లకు అంత మంచిదా? మే నెలలో నలభై అయిదు డిగ్రీలు, జులైలో ఉక్కపోత. అక్కడ ప్లేట్లు బాగున్నాయంటే అది ఊరి గొప్పతనం కాదు. ఏసీ గది, శ్రద్ధ, శిక్షణ ఉన్న మనుషుల వల్ల బాగున్నాయి. ఆ మూడూ హైదరాబాద్‌లో ఉండకూడదా? వస్తువు ఉన్నచోటే దాన్ని కాపాడే నైపుణ్యం పెరుగుతుంది. ప్లేట్లు ఎప్పటికీ వేరే ఊళ్లోనే ఉంటే ఇక్కడ ఫొటోలను కాపాడే పని నేర్చుకునేవాళ్లు ఎక్కడి నుంచి వస్తారు? ‘మీ దగ్గర ల్యాబ్ లేదు కాబట్టి ఇవ్వం’ అంటారు. ఇవ్వలేదు కాబట్టి ల్యాబ్ రాదు. ఈ చక్రం ఎక్కడో ఒకచోట తెగాలి.

మూలనంబరు:

రెండు వైపులా న్యాయం ఉంది. అయితే మనం అడుగుతున్న వస్తువు ఏమిటో ముందు తెలుసుకుంటే బాగుంటుంది. వినతిపత్రం చదివితే 2,857 ప్లేట్లంటే 2,857 చార్మినార్‌లు, కోటలు అన్నట్టు అనిపిస్తుంది. నిజానికి ఆ నిల్వలో ఎక్కువ భాగం పోర్ట్రెయిట్లు. నవాబులు, జాగీర్దారులు, తెల్ల ఆఫీసర్లు, వాళ్ల పిల్లలు. స్టూడియోకి వచ్చి డబ్బు కట్టి ఫొటో తీయించుకున్న మనుషులు వాళ్లు.

ఎందుకలా? దీన్‌దయాళ్ వ్యాపారం ఎలా నడిచిందో చూడాలి. కట్టడాలు, ఊళ్ల దృశ్యాలే ఆయనకు పేరు తెచ్చాయి. 1880ల మొదట్లో లెపెల్ గ్రిఫిన్ అనే బ్రిటిష్ అధికారితో కలిసి గ్వాలియర్, ఓర్ఛా, దతియా, ఖజురాహో, సాంచీ తిరిగి కట్టడాలను తీశారు. అవి 1886లో పుస్తకంగా వచ్చాయి. దృశ్యానికి ఒక సౌకర్యం ఉంది. ఒక్క నెగెటివ్ ఉంటే దాని నుంచి ఎన్ని ప్రింట్లయినా అమ్ముకోవచ్చు. ఊరు చూడ్డానికి వచ్చిన ప్రతి దొరా ఒక ఆల్బమ్ కొంటాడు. పోర్ట్రెయిట్‌ను అది ఎవరిదో వాళ్లే కొంటారు, మహా అయితే చుట్టాలకు పంచడానికి మరో డజను అడుగుతారు. అయినా స్టూడియో ఆ ప్లేటును పారేయదు. పదేళ్ల తర్వాత ‘మా నాన్నగారి ఫొటో ఇంకో కాపీ కావాలి’ అని కొడుకు వస్తాడు. అందుకే ప్రతి ప్లేటుకూ నంబరు ఉండేది. కళాఖండాలను భద్రపరచాలని ఎవరూ అనుకోలేదు. మళ్లీ ఆర్డరు వస్తుందన్న ఆశే ఈ ప్లేట్లను కాపాడింది.

ఆ రోజుల్లో ప్రింట్ తీయడమంటే నెగెటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టడం. ఫొటోను పెద్దది చేసే ఎన్‌లార్జర్ వాడకం పెద్దగా లేదు. కాగితం మీద గుడ్డు తెల్లసొన పూత. ప్లేటు ఎంత సైజుంటే ఫొటో అంతే వస్తుంది, అందుకే అంత పెద్ద పెద్ద కెమెరాలు మోసుకు తిరిగారు. ఎక్కువ అమ్ముడుపోయిన దృశ్యాల ప్లేట్లు అన్నిసార్లు ఎండకు వెళ్లాయి, అన్ని చేతులు మారాయి. వాటి ప్రింట్లు మాత్రం ఆల్బమ్‌లలో ప్రపంచమంతా చెదిరిపోయాయి. లండన్‌లో బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి, అమెరికాలో పీబడీ ఎసెక్స్ మ్యూజియంలో ఉన్నాయి, కెనడాలో రాయల్ ఒంటారియో మ్యూజియంలో ఉన్నాయి, ఢిల్లీలోనే అల్కాజీ సేకరణలోనూ ఉన్నాయి. పాత హైదరాబాద్ దృశ్యాలే మీకు ముఖ్యమైతే ఆ ప్లేట్లొక్కటే వస్తే సరిపోదు. అడగాల్సిన తలుపులు ఇంకా చాలా ఉన్నాయి.

తెనాలి_స్టూడియో:

మూలనంబరు గారూ, ‘మళ్లీ ఆర్డరు వస్తుందన్న ఆశ’ అన్నారు చూడండి, ఆ మాటకు ఒక అనుభవం చెప్పాలి. మా తాతగారిది ఫొటో స్టూడియో. అటక మీద గాజు నెగెటివ్‌లు ఉండేవని మా నాన్న చెప్పేవారు. ఆర్డర్లు రావడం ఆగిపోయాక వాటిని వేడినీళ్లలో నానబెట్టి, జెలటిన్ గీకేసి, ఆ గాజును ఫ్రేములకు వాడేశారు. దేవుడి పటాలకు, పెళ్లి ఫొటోలకు వేసే అద్దంగా! ఫిల్మ్ వచ్చాక ఫిల్మ్‌ను కిలోల లెక్కన వెండి తీసేవాళ్లకు అమ్మేశారు. మా తాత తరంలో ఊళ్లో ఎవరెవరు ఎలా ఉండేవాళ్లో ఇవాళ చూపించడానికి నా దగ్గర ఒక్క ప్లేటు లేదు.

అందుకే ఢిల్లీ అయినా, హైదరాబాద్ అయినా, ఒకచోట ఉన్నాయంటే నాకు చాలా పెద్ద విషయం. 1905లో దీన్‌దయాళ్ పోయారు. దానికి ముందు ఏడాదే ఒక కొడుకు పోయాడు. 1911లో ఆదరించిన నిజాం కూడా పోయారు. తర్వాత గిరాకీ తగ్గింది. అలాంటి దశలో చాలా స్టూడియోల ప్లేట్లు ఫ్రేముల్లోకే వెళ్లాయి. ఇవి వెళ్లలేదంటే ఎవరో ఓపికపట్టారు.

పరిశోధక_విద్యార్థి:

వినతిపత్రంలో ‘దీన్‌దయాళ్ స్వయంగా తీసిన 2,857 ఫొటోలు’ అన్న వాక్యం ఉంది. దాన్ని తీసేయాలి అన్నా. 1896లో బొంబాయిలో కూడా స్టూడియో తెరిచారు. ఒకే మనిషి సికింద్రాబాద్‌లో, బొంబాయిలో, వైస్రాయ్ శిబిరంలో, నిజాం షికారులో ఒకేసారి ఉండలేడు కదా. కొడుకులు జ్ఞాన్‌చంద్, ధరమ్‌చంద్ తీశారు, జీతానికి పనిచేసిన ఆపరేటర్లు తీశారు. నెగెటివ్ మీద పెన్సిల్‌తో ముఖాలు దిద్దినవాళ్లు, ప్రింట్లకు రంగులు వేసినవాళ్లు, తెల్లసొన కాగితాలు ఆరబెట్టినవాళ్లు వేరే. వాళ్లలో ఒక్కరి పేరు కూడా ప్రింటు కింద ఉండదు.

1908 మూసీ వరద ఫొటోలు ‘దీన్‌దయాళ్ తీసినవి’ అంటూ వాట్సాప్‌లో తిరుగుతుంటాయి. ఆయన 1905లోనే చనిపోయారు. స్టూడియో అదే పేరుతో నడిచింది కాబట్టి సంస్థ పేరు వేయొచ్చు. మనిషి పేరు మాత్రం వేయకూడదు.

చార్మినార్_చౌరస్తా:

తమ్ముడూ, ఆయన గొప్పతనాన్ని తగ్గించినట్టు కాదా అది? అంత పెద్ద సంస్థను కట్టింది ఎవరు? ఏ కోణంలో తీయాలో, వెలుతురు ఎటు నుంచి రావాలో ఆ స్టూడియోకి నేర్పింది ఎవరు? 1893లో చికాగో ప్రపంచ ప్రదర్శనలో అవార్డు వచ్చింది ఎవరికి?

పరిశోధక_విద్యార్థి:

తగ్గించడం లేదు అన్నా. డ్రాఫ్ట్స్‌మన్ చూపు ఆ కట్టడాల ఫొటోల్లో స్పష్టంగా కనిపిస్తుంది. స్తంభాలు నిటారుగా ఉంటాయి, మూల ఎక్కడ తిరుగుతుందో తెలుస్తుంది. అది ఆయన శిక్షణే. మొదట్లో తడి ప్లేట్లతో పనిచేశారంటే, అక్కడికక్కడే గాజుకు మందు పూసి, అది ఆరేలోపు ఫొటో తీసి, గుడారంలో కడగాలి. ఖజురాహో ఎండలో ఎన్ని నిమిషాలు దొరుకుతాయో ఊహించుకోండి. ఆ కష్టం మీద నాకు గౌరవం ఉంది. పనివాళ్ల కష్టానికీ అదే గౌరవం ఇమ్మంటున్నాను, అంతే.

రామ్‌నగర్_రాధిక:

ఇందాకటి నుంచి ఎవరూ ఎత్తని మాట ఒకటుంది. 1892లో హైదరాబాద్‌లో ఆయన జనానా స్టూడియో పెట్టారు. పరదా పాటించే ఆడవాళ్ల కోసం ఎత్తయిన గోడల మధ్య కట్టి, ఒక ఇంగ్లీషు మహిళకు అప్పగించారు. మగవాళ్లు లోపలికి రాకూడదు. ఆ నమ్మకం మీదే ఆ స్త్రీలు పరదా తీసి కెమెరా ముందు కూర్చున్నారు.

ఆ స్టూడియోలో తీసినవి ఎక్కడున్నా, ఎవరి చేతిలో ఉన్నా, వాటిని ఆన్‌లైన్‌లో పెట్టమని అడిగే హక్కు మనకుందా? ‘నూట ముప్ఫై ఏళ్లయింది, కాపీరైట్ ఎప్పుడో పోయింది’ అంటారు. చట్టం ప్రకారం సరే. కానీ వాళ్లు ఒప్పుకున్నది భర్త చూడ్డానికి, పుట్టింటివాళ్లు చూడ్డానికి. ఫేస్‌బుక్‌లో వేలమంది కామెంట్ పెట్టడానికి కాదు. ప్లేట్లు రావాలని గట్టిగా అంటున్నదాన్ని నేనే, ఈ విషయంలో మాత్రం ఆగమంటున్నాను.

డార్క్‌రూమ్_బాబాయ్:

మంచి ప్రశ్న వేశావమ్మా. నా అభిప్రాయం వేరు. ఆ రోజుల్లో ఆడవాళ్ల ముఖాలు చరిత్రలో ఎక్కడున్నాయి? రాజుగారి ఫొటోలు వందలు, పులి పక్కన నిలబడిన దొరల ఫొటోలు వందలు. ఆడవాళ్లవి కూడా దాచేస్తే వాళ్లు రెండోసారి మాయమవుతారు.

రామ్‌నగర్_రాధిక:

మాయం చేయమనడం లేదు బాబాయ్ గారూ. పరిశోధకులు గదిలో కూర్చుని చూడొచ్చు. కుటుంబాలు ముందుకొస్తే వాళ్లు చెప్పినట్టు చేయొచ్చు. డౌన్‌లోడ్ బటన్ వద్దంటున్నాను.

తెనాలి_స్టూడియో:

నేను రాధిక గారి వైపు. మా తాత కూడా ఇళ్లకు వెళ్లి ఆడవాళ్ల ఫొటోలు తీసేవారట. ఆ నెగెటివ్ వేరే పెట్టెలో పెట్టి, ఇంటి పెద్ద వచ్చి అడిగితేనే కాపీ ఇచ్చేవారట. వ్యాపారమే అయినా అదొక మాట మీద నడిచేది.

మూలనంబరు:

చౌరస్తా గారూ, వినతిపత్రం మార్చేట్టయితే నా సలహా ఇది. ప్లేట్లు పంపమని కాకుండా ప్లేటు నంబర్ల జాబితా మొత్తం బయటపెట్టమని అడగండి. నంబరు, కూర్చున్నవారి పేరు, తేదీ, ఊరు తెలిసినంతవరకు చాలు. బొమ్మ లేకపోయినా ఫర్వాలేదు. హైదరాబాద్‌లో పాత ఇళ్లలో దీన్‌దయాళ్ ప్రింట్లు ఇప్పటికీ గోడలకు ఉన్నాయి, వాటి కింద నంబరు ఉంటుంది. ఇంట్లోవాళ్లకు ‘ఈయన మా ముత్తాత’ అని తెలుసు, ఢిల్లీలో ఉన్న ప్లేటుకు ఆ పేరు తెలియదు. రెండూ కలిస్తే ముఖానికి పేరు వస్తుంది. ఆ పని ఢిల్లీలో కూర్చుని చేయలేరు, ఈ ఊళ్లోవాళ్లే చేయాలి. దృశ్యాలకైతే పూర్తి సైజు స్కాన్‌లు అడగండి, సాలార్‌జంగ్ మ్యూజియంలాంటి చోట శాశ్వతంగా ఒక హాలు అడగండి. కట్టడాలకు పరదా సమస్య లేదు.

చార్మినార్_చౌరస్తా:

జాబితా, స్కాన్‌లు, హాలు చేరుస్తున్నాను. ‘స్వయంగా తీసిన’ అన్నచోట ‘దీన్‌దయాళ్ స్టూడియో తీసిన’ అని మారుస్తాను. జనానా గురించి రాధిక గారి మాటలే ఒక పేరాగా పెడతాను. ప్లేట్లు తిరిగి రావాలన్న వాక్యం మాత్రం ఉంచుతాను, ‘తగిన భద్రత ఏర్పడ్డాక’ అని ముందు చేర్చి.

డార్క్‌రూమ్_బాబాయ్:

ఆ వాక్యం ఉంటే నేను సంతకం పెట్టలేను బాబూ. జాబితా కోసం వేరే కాగితం రాయి, ఇవాళే పెడతాను. పాత ఇళ్లలో ప్రింట్ల నంబర్లు రాసుకొచ్చే పనికి మనుషులు కావాలంటే కూడా చెప్పు. ఫ్రేము విప్పకుండా నంబరు ఎలా చదవాలో, చెదపట్టిన అట్టను ఎలా పట్టుకోవాలో నేర్పిస్తాను.

రామ్‌నగర్_రాధిక:

ఆ వాక్యం తీసేస్తే నేను పెట్టను. నంబర్లు రాసుకోవడానికి మాత్రం వస్తాను బాబాయ్ గారూ. మా వీధిలోనే రెండు ఇళ్లున్నాయి, ముందు అక్కడ అడిగి చూస్తాను.