పాప షంట్‌లో ఫంగస్: మళ్లీ షంట్ ఎన్నాళ్లకు వేశారు?

మా పాపకు 8 నెలలు. నెలలు నిండకుండా పుట్టింది. తలలో నీరు చేరితే మూడో నెలలో వీపీ షంట్ (ఆ నీటిని తల నుంచి పొట్టలోకి పంపే సన్నటి ట్యూబు) వేశారు. పోయిన నెల జ్వరం, వాంతులు. యాంటీబయాటిక్స్‌తో తగ్గలేదు, చివరికి కల్చర్‌లో (క్రిములను పెంచి చూసే ల్యాబ్ పరీక్ష) కాండిడా అనే ఫంగస్ అని తేలింది. షంట్ తీసేసి, తలలో నీరు బయటికి పోయేలా ట్యూబు పెట్టారు. తల ఎత్తు మారితే నీరు ఎక్కువ కారిపోతుందట, అందుకే పాలు పట్టాలన్నా ముందు సిస్టర్‌ను పిలిచి క్లాంప్ వేయిస్తున్నా. ఫంగస్‌కు యాంఫోటెరిసిన్ అనే మందు ఎక్కిస్తున్నారు. దానివల్ల పొటాషియం పడిపోతుందని, కిడ్నీలు చూడాలని తరచూ రక్తం తీస్తున్నారు. ఆ బుల్లి చేతికి ఇక సూది గుచ్చే చోటే లేదు.

కల్చర్లు వరసగా నెగెటివ్ వస్తేనే కొత్త షంట్ అంటున్నారు. మీ పిల్లలకు ఇలా జరిగి ఉంటే ఎన్నాళ్లు ఆగారు? ఫంగస్ మళ్లీ తిరగబెట్టిందా? డాక్టర్‌ను ఇంకేం అడగాలో కాస్త చెప్పండి, టెన్షన్‌లో నాకేమీ తోచడం లేదు.