పాత ఆటోమేటిక్ బండికి ఘాట్‌లో గేర్ జారుతోంది: గేర్ ఆయిల్ మార్చాలా, ముట్టుకోవద్దా?

దిండి దారి (మహబూబ్‌నగర్):
అన్నలూ, ఒక సాయం. మాది 2011 మోడల్ ఆటోమేటిక్ డీజిల్ బండి, 1,60,000 కిలోమీటర్లు తిరిగింది. వెనక సీట్లు తీయించి మంచం, 80 లీటర్ల నీళ్ల ట్యాంకు, రెండు బ్యాటరీలు, గ్యాస్ పొయ్యి పెట్టించుకున్నా. మొన్న శ్రీశైలం పోతుంటే మన్ననూరు, దోమలపెంట దాకా బాగానే ఉంది. డ్యామ్ దాటి సున్నిపెంట వైపు ఎక్కుతుంటే ఇంజన్ అరుస్తోంది కానీ బండి కదలట్లేదు. కాసేపు ఆపితే మళ్లీ లాగింది. రాత్రి 9కి అడవి గేటు మూస్తారు కదా, తిరుగుదారంతా టెన్షనే. పొద్దున చల్లగా ఉన్నప్పుడు డి (డ్రైవ్) లో వేస్తే రెండు సెకన్లు ఆగి ఒక్క కుదుపుతో పడుతుంది. గేర్ ఆయిల్ కొలిచే కడ్డీ తీసి తెల్ల గుడ్డకు తుడిస్తే ఫుల్ ఉంది, కానీ ఎరుపు పోయి డికాషన్ రంగు, మాడిన వాసన. ఒకాయన ఆయిల్ మార్చమంటాడు, ఇంకొకాయన మారిస్తే గేర్ బాక్సే పోతుందంటాడు.

డీజిల్ మామ (నల్లగొండ):
ముట్టుకోకు తమ్మీ. ఇరవై రెండేళ్లుగా షెడ్డు నడుపుతున్నా. ఇన్నేళ్లు మార్చని బాక్సులో కొత్త నూనె పోస్తే అడుగున పేరుకున్న మడ్డి కదిలి గేర్లకు నూనె పంపే వాల్వ్ బాడీ సందుల్లో అడ్డం పడుతుంది. అరిగిన క్లచ్ ప్లేట్లకు ఆ పాత నూనెలోని పొడే ఇప్పుడు పట్టు.

కడ్డీ చూడు:
కడ్డీ చూసింది ఇంజన్ ఆన్‌లోనా, ఆఫ్‌లోనా?

మిల్లు గేటు (మిర్యాలగూడ):
మామా, పొడి పట్టిస్తుందనేది షెడ్డు కథ. జారడం మొదలయ్యేదాకా ఎవడూ ఆయిల్ సంగతి పట్టించుకోడు. జారాక మారుస్తాడు, అప్పటికే పోయేదశలో ఉన్న బాక్సు పోతుంది, నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. మిషన్ పెట్టి ప్రెషర్‌తో ఫ్లష్ చేయించొద్దు, అంతవరకు మీ మాట ఒప్పుకుంటా. బాక్సు అడుగున ఉండే పాన్ (నూనె తొట్టి) విప్పి దిగినంత దించాలి. మూడు నాలుగు లీటర్లే వస్తుంది, చాలావరకు ఇంజన్‌కూ బాక్సుకూ మధ్యనుండే టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది. పాన్‌లోని అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద ఉంటే మామూలు అరుగుడు. రేకు ముక్కలుంటే ఇక ఆయిల్ డబ్బు దండగే. కొత్తది పోసి కొన్ని వందల కిలోమీటర్లు నడిపి మళ్లీ దించాలి.
మా బండికి ఒకాయన మూడేళ్లు "ముట్టుకోకు సార్" అంటూనే ఉన్నాడు. సాగర్ నుంచి వస్తుంటే హాలియాలో నిలబడిపోయింది. ట్రాక్టర్‌కు తాడు కట్టి మిర్యాలగూడ దాకా లాక్కొచ్చాం. విప్పితే లోపలంతా కాలిపోయి ఉంది. 90,000 అయింది.

పాలమూరు పోరగాడు:
సీట్లు తీసిన సంగతి ఆర్సీలో ఎక్కించావా అన్నా? లేకుంటే గేర్ బాక్స్ కన్నా ముందు చలాన్ పడుతుంది.

కడ్డీ చూడు:
ఆన్‌లోనా, ఆఫ్‌లోనా?

డీజిల్ మామ:
మిల్లు గేటూ, ట్రాక్టర్‌తో లాగించావా? నాలుగు చక్రాలూ నేల మీదే? ఇంజన్ ఆగితే బాక్సులో పంపు తిరగదు, నూనె ఎక్కదు. చక్రాలు మాత్రం లోపలి సామానును పొడిగా తిప్పుతుంటాయి. నీ బాక్సును చంపింది పాత నూనె కాదు, నీ తాడు.

మిల్లు గేటు:
రాత్రి పదింటికి హాలియాలో బండిని ఎక్కించే లారీ ఎక్కడ దొరుకుతుంది మామా? అయినా తాడు కట్టకముందే ఆగింది కదా, తాడు ఆపిందా దాన్ని? మీ మెకానిక్‌లందరిదీ ఒకటే పాట. మారిస్తే మార్చినందుకు పోయింది, మార్చకపోతే ఓనర్ తప్పు.

డీజిల్ మామ:
పాట కాదు, దెబ్బ తిన్నవాడి మాట. 2019లో ఒక కాంట్రాక్టర్ బండి వచ్చింది. జారుతోందంటే నేనే ఆయిల్ మార్చా. తొమ్మిదో రోజు రివర్స్ పడలేదు. "నువ్వు చెయ్యి పెట్టకముందు మంచిగుండె" అని పదిమందిలో అన్నాడు. నాలుగు నెలలు బండి నా షెడ్డులోనే పడి ఉంది, వేరేవాళ్ల బండ్ల పనికి జాగా లేదు. ఖర్చులో సగం నేనే పెట్టుకున్నా. నూనె వల్ల కాదని నాకూ తెలుసు. కానీ చివర చెయ్యి పెట్టింది నేను.

మిల్లు గేటు:
అంటే ఆ పొడి, పట్టు అన్నీ?

డీజిల్ మామ:
పొడి సంగతి చెబితే జనం తొందరగా ఒప్పుకుంటారు.

మిల్లు గేటు:
చూశారా! "పోయేలా ఉంది, మారిస్తే బాగుపడొచ్చు, పోనూ పోవచ్చు, నా పూచీ లేదు" అని మా మెకానిక్ ఒక్క మాట అంటే కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చేవాణ్ని. ఆయన భయానికి నా మూడేళ్లు పోయాయి.

డీజిల్ మామ:
సంతకం అందరూ పెడతారు. బండి ఆగిన రోజు ఆ కాగితం ఎవడూ చూడడు.

కడ్డీ చూడు:
మీ పంచాయితీ తర్వాత. ఎక్కువ బండ్లలో బాక్సు వేడెక్కాక, చదును నేల మీద, ఇంజన్ నడుస్తుండగా, పి (పార్కింగ్) లో పెట్టి కడ్డీ చూడాలి. ఆపి చూస్తే పైనున్న నూనె కిందికి దిగి ఎక్కువ చూపిస్తుంది. కొన్ని కంపెనీలవి ఆపే చూడాలి, బండి పుస్తకంలో ఉంటుంది. మూడోసారి అడుగుతున్నా.

దిండి దారి:
ఆఫ్‌లో చూశానన్నా, ఇంజన్ ఆయిల్ చూసినట్టే. పుస్తకంలో ఆన్ అని ఉంది. ఇప్పుడే పదిహేను కిలోమీటర్లు తిప్పి వచ్చి చూశా, కడ్డీ కొన మాత్రమే తడిసింది. గేర్ ఆయిల్ చల్లబడేందుకు రేడియేటర్‌కు పోయే సన్న పైపు జాయింట్ దగ్గర వేలు పెడితే జిగట. అదే డికాషన్ రంగు.

డీజిల్ మామ:
అయితే నూనె తక్కువై పంపు గాలి పీలుస్తోంది. ఎత్తు ఎక్కేటప్పుడు నూనె ఒక పక్కకు పోతుంది, అందుకే అక్కడ జారింది. ముందు ఆ జాయింట్ బాగు చేయించు, పుస్తకంలో రాసిన రకమే పోయించు. వాసన వచ్చిందంటే ప్లేట్లు కొంత కాలినట్టే, అవి నూనెతో బాగుపడవు. ఘాట్‌లో డి లో వదిలేయకుండా 2 (రెండో గేర్) లో పెట్టు. నీళ్లు శ్రీశైలంలో నింపుకో, ఇక్కడి నుంచి 80 కిలోలు మోసుకుపోవడం ఎందుకు?

మిల్లు గేటు:
పోయించేటప్పుడే పాన్ దించి మార్పించు తమ్ముడూ.

డీజిల్ మామ:
నేను పోయమన్నా. మార్చమనలేదు.

కడ్డీ చూడు:
ఎన్ని లీటర్లు పట్టిందో రాయి. ఆన్‌లో కొలిచి.