కుండీలో మిరప: ఏటా పీకేయాలా, కొమ్మలు కొట్టి ఉంచుకోవాలా?

ఒంగోలు మేడతోట
మేడ మీద పన్నెండంగుళాల కుండీల్లో ఆరు మిరప మొక్కలున్నాయి. రెండో ఎండాకాలం కూడా దాటేశాయి. మొదళ్లు చెక్కబారాయి, కాయ సైజు తగ్గింది. పీకేసి కొత్త నారు పెట్టమని మా ఆయన అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. మీరేం చేస్తున్నారు?

కావలి రైతుబిడ్డ
పీకేయండక్కా. మా వైపు పొలంలో ఎవరూ రెండో ఏడు ఉంచరు. ముదురు మొక్కలో తామర పురుగు, నల్లి లాంటి రసం పీల్చే సన్న పురుగులు చేరి పక్కనున్న లేత మొక్కలకు ఎక్కుతాయి. 2021లో నల్ల తామర పురుగు పూతలో చేరి చేలకు చేలే ఎలా పోయాయో చూశాం. నాలుగు నారు మొక్కల ఖర్చు మిగులుతుందని అంత రిస్క్ ఎందుకు?

నెల్లూరు పెరటిమిరప
తమ్ముడూ, పొలం సంగతి నువ్వు చెప్పింది నిజమే. కుండీకి ఆ లెక్క పనికిరాదు. మిరప ఏళ్ల తరబడి బతికే మొక్కే. మంచు కురిసే దేశాల్లో చలికి చచ్చిపోతుంది కాబట్టి అక్కడ ఏడాది పంటగా వేస్తారు. ఇష్టమున్నవాళ్లు కొమ్మలు కొట్టి చలికాలమంతా ఇంట్లో పెట్టుకుంటారు. మనకు చలి భయం లేదు. రోహిణి కార్తె ఎండకు పూత రాలుతుంది, అంతే.

మా పెరట్లో కాయ పైకి నిలబడి కాసే చిన్న మిరపకు ఇది నాలుగో ఏడు. రెండో ఏడు అదీ అక్కవాళ్ల మొక్కల్లాగే డీలా పడింది. కుండీ బోర్లించి చూశాను. అడుగున వేర్లు చాప అల్లినట్టు చుట్టుకుపోయాయి, మట్టి ఇటుకలా బిగిసింది, అంచు చుట్టూ తెల్లగా ఉప్పు పేరుకుంది. మా బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. నీరు ఆవిరైపోయి ఉప్పు మట్టిలోనే మిగిలిపోతుంది, మిరప దాన్ని ఎక్కువ ఓర్చుకోలేదు. మొక్క వయసు మీద నింద వేసి పీకేస్తున్నాం గానీ తప్పు మట్టిదే.

ఆగస్టులో రెండు వానలు పడ్డాక జానెడు మొదలు ఉంచి పైనంతా కొట్టేశాను. చుట్టుకున్న వేర్లు కొంత కోసి ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు, కొబ్బరి పొట్టు, గుప్పెడు వేపపిండి కలిపి మళ్లీ పెట్టాను. చిగురు వచ్చేదాకా నీడలోనే ఉంచాను. తుఫాను వానలప్పుడు కింద పళ్లెం తీసేశాను, నీళ్లు నిలిస్తే వేరు కుళ్లుతుంది. సంక్రాంతికి చేపల పులుసులోకి ఆ చెట్టు కాయలే.

కావలి రైతుబిడ్డ
బొబ్బర తెగులు ఉంటే? కొట్టినా మళ్లీ అదే ముడత వస్తుంది కదా.

నెల్లూరు పెరటిమిరప
అది వైరస్. వచ్చిందంటే పీకేయాల్సిందే, అందులో నీదే మాట. కాకపోతే ముడతలన్నీ బొబ్బర కాదు. ఆకు పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. చిగుళ్లు గుత్తిగా చిన్నబడి మొక్క గిడసబారితే అది బొబ్బరే, అప్పుడు ఆలోచించకుండా పీకేయి.

కావలి రైతుబిడ్డ
అయినా పక్కన మిరప చేను ఉన్నవాళ్లు ఉంచొద్దనే నా మాట. మేడ మీద అయితే మీ ఇష్టం.

ఒంగోలు మేడతోట
ఇప్పుడే పైకెళ్లి చూసొచ్చాను. నాలుగు కుండీల అంచున తెల్లటి ఉప్పు ఉంది. ఒక మొక్కకు చిగుళ్లు గుత్తిగా ఉన్నాయి, దాన్ని తీసేస్తున్నా. మిగతా ఐదూ వానలు పడ్డాక కొడతాను. మున్సిపాలిటీ నీళ్లు పట్టి పోస్తే ఉప్పు తగ్గుతుందా అన్నా?