బోటు వైరింగ్‌లో జాయింటుకి టంకమా, లగ్గు నొక్కడమా?

తాడేపల్లి తెరచాప
చెన్నైలో కొన్న 26 అడుగుల సెకండ్ హ్యాండ్ సెయిల్‌బోటు మా షెడ్డులో ట్రైలర్ మీద ఉంది. కృష్ణలోనే కట్టేసుకుందామనుకున్నాను గానీ, 2024 సెప్టెంబరు వరదలో కొట్టుకొచ్చిన పడవలు ప్రకాశం బ్యారేజీ గేట్లని గుద్దాక ఆ ఆశ వదులుకున్నాను. సంక్రాంతి వెళ్లాక మచిలీపట్నంలో నీళ్లలో దింపి, తీరం వెంబడి కాకినాడ దాకా వెళ్లాలని కోరిక.

సమస్య ఇదీ. వీహెచ్ఎఫ్ రేడియోలో (పడవల మధ్య మాట్లాడుకునే వైర్‌లెస్) మాట్లాడే బటన్ నొక్కగానే పక్కనున్న చార్ట్ ప్లాటర్ (సముద్రపు మ్యాపు చూపే తెర) ఆరిపోయి మళ్లీ మొదట్నుంచి ఆన్ అవుతోంది. వింటున్నంతసేపూ ఏ గొడవా లేదు. బ్యాటరీ కొత్తది. రేడియో దగ్గర మీటరు పెడితే 12.6 వోల్టులు చూపిస్తోంది. జాయింట్లన్నీ మళ్లీ వేయిద్దామని ఇద్దరిని అడిగితే ఒకాయన టంకం అన్నాడు, ఇంకొకాయన టంకం వేస్తే బోటు ఎక్కనన్నాడు, లగ్గు (వైరు చివర తొడిగి ప్లయరుతో నొక్కే లోహపు ముక్క) నొక్కమన్నాడు. ఎవరి మాట వినాలి?

ఆటోనగర్ కరెంటోడు
జాయింటు సంగతి తర్వాత తమ్ముడూ. బటన్ నొక్కకుండా చూసిన 12.6కి విలువ లేదు. వైరులో ఒక్క పోగు మిగిలి ఉన్నా, కరెంటు పారనప్పుడు మీటరు 12.6 అనే చెప్తుంది. ఆ రేడియో 25 వాట్లతో మాట్లాడేటప్పుడు 5 ఆంపియర్ల దాకా లాగుతుంది, అప్పుడు తెలుస్తుంది అసలు రంగు. రేడియో పీకి పక్కన పెట్టు. ఆ రెండు వైర్లకి 55 వాట్ల హెడ్‌లైట్ బల్బు తగిలించు, దాదాపు అంతే లాగుతుంది. బల్బు వెలుగుతుండగా బ్యాటరీ దగ్గర ఒకసారి, బల్బు దగ్గర ఒకసారి చూడు. తర్వాత మీటరు ఒక పుల్ల బ్యాటరీ మైనస్ మీద, రెండోది బల్బు నల్లవైరు మీద పెట్టు. అక్కడ ఎన్ని వోల్టులు కనిపిస్తే అన్నీ దారిలో పోతున్నట్టే. ఎర్రవైరుకీ అలాగే.

ఇక టంకమా లగ్గా అంటే, టంకమే. గుంతల రోడ్ల మీద తిరిగే లారీలకి వేసిన టంకాలు బండి తుక్కుకి పోయినా ఊడలేదు.

గుంటూరు పాత రేడియో ఆఫీసర్
బల్బు ఉపాయం బాగుంది. పైగా షెడ్డులో లైసెన్సు లేకుండా ట్రాన్స్‌మిట్ చేయడం తప్పు బాబూ, ఛానెల్ 16 మీద టెస్టింగ్ అసలే వద్దు, అది ఆపదలో పిలిచే ఛానెల్.

టంకం విషయంలో మాత్రం ఒప్పుకోను. కరిగిన టంకం పోగుల మధ్య నుంచి పైకి పాకుతుంది. అది పాకినంత మేర వైరు పుల్లలా బిగుసుకుపోతుంది. అది ఆగిన చోట, మెత్తటి వైరు మొదలయ్యే అంచు దగ్గర, అలల ఊపుకి పోగులు ఒక్కొక్కటే తెగుతాయి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వాళ్ల ఈ-11 ప్రమాణం కూడా జాయింటుని పట్టి ఉంచే భారం టంకం ఒక్కదాని మీదే పెట్టకూడదంటుంది.

ఆటోనగర్ కరెంటోడు
అమెరికా వాళ్లు నొక్కే ప్లయరు వేరు, మనవాళ్లు వాడేది వేరు సార్. ఇక్కడ లగ్గుని కటింగ్ ప్లయరుతో చితక్కొట్టి "క్రింపింగ్ అయిపోయింది" అంటారు. చేత్తో లాగితే వైరు ఊడొస్తుంది. దానికంటే టంకం వెయ్యి రెట్లు నయం.

నిజాంపట్నం గాలి
మా హార్బరులో రెండూ ఉండవు. మెలిపెట్టడం, టేపు చుట్టడం. ఉప్పుగాలికి ఆరు నెలల్లో లోపల పచ్చగా చిలుం, మళ్లీ విప్పడం, మళ్లీ చుట్టడం 😀

తాడేపల్లి తెరచాప
బల్బు పెట్టి చూశాను అన్నా. వెలిగింది, కానీ గుడ్డిగా. బ్యాటరీ దగ్గర 12.5, బల్బు దగ్గర 10.9. ఎర్రవైరు దారిలో పోయింది 0.4, నల్లవైరు దారిలో ఏకంగా 1.2! ప్లాటరు కూడా ఆ నల్లవైరు మీదే ఉంది, అందుకే ఆరిపోతోంది.

నల్లవైరు పట్టుకుని వెనక్కి వెళ్తే, నేల పలకల కింద, నీళ్లు చేరే గుంట పక్కన ఒక జాయింటు. టేపు విప్పితే జిగురుతో పాటు పచ్చని పొడి రాలింది. టంకం ముద్ద మెరుస్తూనే ఉంది. దాని అంచున సగానికి పైగా పోగులు తెగి ఉన్నాయి, మిగిలినవి వేలితో తాకితే విరిగాయి.

గుంటూరు పాత రేడియో ఆఫీసర్
నేను చెప్పిన అంచే కదా!

ఆటోనగర్ కరెంటోడు
అంచు సరే సార్, అది ఉన్న చోటు చూడండి. ఉప్పునీళ్ల గుంట పక్కన, ఊగే వైరుకి క్లిప్పు లేకుండా, ఉత్త టేపు చుట్టి వదిలేస్తే మీ లగ్గు మాత్రం బతుకుతుందా? దానికి తోడు టంకం అంటుకోడానికి పూసే ఆసిడ్ పేస్టు వాడి కడగకుండా వదిలేసి ఉంటాడు. తప్పు టంకానిది కాదు, వేసినవాడిది.

నిజాంపట్నం గాలి
మధ్యలో జాయింటు ఎందుకసలు? వైరు ఒకటే లాగొచ్చుగా?

తాడేపల్లి తెరచాప
అదే చేస్తున్నాను. పాతది 1.5 చదరపు మిల్లీమీటర్ల వైరు. బ్యాటరీ నుంచి రేడియోకి 6 మీటర్లు, రానూ పోనూ 12. జాయింటు బాగున్నా 5 ఆంపియర్లకి 0.7 వోల్టు వైరే తినేస్తుంది. ఎలక్ట్రానిక్స్‌కి 3 శాతం, అంటే 12 వోల్టుల మీద 0.36కి మించి పోకూడదట. 4 చదరపు మిల్లీమీటర్లయితే 0.3తో సరిపోతుంది. కళాయి పూత ఉన్న వైరు ఆర్డరు పెట్టాను. ప్లాటరుకి విడిగా ఇంకో జత. మధ్యలో జాయింటే ఉండదు, చివర్లలో మాత్రం రింగ్ లగ్గులు. మంచి రాట్చెట్ ప్లయరుతో (పూర్తిగా నొక్కేదాకా వదలనిది) నొక్కి, లోపల జిగురుండే హీట్ ష్రింక్ తొడుగు వేస్తాను.

గుంటూరు పాత రేడియో ఆఫీసర్
శభాష్. అడుగడుగుకీ ఒక క్లిప్పు కూడా బిగించు బాబూ.

ఆటోనగర్ కరెంటోడు
బాగుంది తమ్ముడూ. లగ్గు నొక్కాక మూతి దగ్గర ఒక్క చుక్క టంకం వేస్తే ఇంకా...

గుంటూరు పాత రేడియో ఆఫీసర్
వద్దంటుంటే!