స్పెక్ట్రం (రేడియో తరంగాల) పంపకాల్లో సైన్యం తన అవసరాన్ని పేరు పెట్టి చెప్పాలా, అక్కర్లేదా?

అలలవేట:
2027 ప్రపంచ రేడియో సదస్సులో 6జీ కోసం చూస్తున్న బ్యాండ్లలో (ఫ్రీక్వెన్సీ ముక్కల్లో) 7.125 నుంచి 8.4 గిగాహెర్ట్జ్ ఒకటి. అందులోని 7.25–7.75, 7.9–8.4 ముక్కల్లో చాలా దేశాల సైన్యాల ఉపగ్రహ లింకులు నడుస్తున్నాయి. ఈ రంగంలో ఉన్నవాళ్లందరికీ ఇది తెలుసు. అయినా అంతర్జాతీయ రేడియో నిబంధనలు తిరగేస్తే సైన్యం పేరుతో ఒక్క సర్వీసు కూడా కనిపించదు. ఫిక్స్‌డ్ శాటిలైట్, రేడియోలొకేషన్ (రాడార్ల వంటివి), ఏరోనాటికల్ మొబైల్ (విమానాల రేడియో) అనే పేర్లే ఉంటాయి. దానికి తోడు ఈ నిబంధనలు చూసే ఐక్యరాజ్యసమితి టెలికాం సంస్థ ఐటీయూ రాజ్యాంగంలోని 48వ ఆర్టికల్, సైనిక రేడియో కేంద్రాల విషయంలో సభ్య దేశాలకు పూర్తి స్వేచ్ఛ ఇస్తోంది. ఆ నిబంధనల పట్టికలో పేరు లేనివాళ్లు చర్చలో మాత్రం అడ్డుపడగలుగుతున్నారు. నిర్ణయాలు ఎక్కువగా ఏకాభిప్రాయంతోనే జరుగుతాయి కాబట్టి గట్టిగా పట్టుబట్టిన కొద్ది దేశాలు చాలు, విషయం ఆగిపోతుంది. ఈ 48ని సవరించాలని నా వాదన. మీరేమంటారు?

పాత సిగ్నలర్:
అలలవేట గారూ, ఆ ఆర్టికల్‌ను సగమే చెప్పారు. ఆపద సంకేతాలకు స్పందించే విషయంలో, ఇతరులకు హానికరమైన ఇంటర్‌ఫియరెన్స్ (సిగ్నల్‌కి సిగ్నల్ అడ్డు) రాకుండా చూసే విషయంలో సైనిక కేంద్రాలు కూడా వీలైనంతవరకు నిబంధనలు పాటించాలని అందులోనే రాసి ఉంది.

నేను చాలా ఏళ్లు సైనిక సమాచార విభాగంలో పనిచేశాను. ఫోన్‌లో బ్యాండ్ మార్చినట్టు ఓడ మీది రాడార్‌లో మార్చలేం. యాంటెన్నా కొలతలే ఆ ఫ్రీక్వెన్సీకి తగ్గట్టు ఉంటాయి, ఓడేమో దశాబ్దాల పాటు సేవలో ఉంటుంది. ఏ బ్యాండులో, ఎంత బలహీనమైన సిగ్నల్ దాకా వినగలమో బయట పెడితే శత్రువుకి జామింగ్ ఎలా చేయాలో మనమే నేర్పినట్టు. ఇంకోమాట, ఇది కొత్తగా పుట్టిన పక్షపాతం కాదు. 1906 బెర్లిన్ రేడియో సదస్సులోనే 600 నుంచి 1600 మీటర్ల పొడవున్న తరంగాలను ప్రజా సమాచారానికి కాకుండా సైనిక, నౌకాదళ కేంద్రాల కోసం పక్కన పెట్టారు.

అలలవేట:
బెర్లిన్ ఉదాహరణ నాకే పనికొస్తుందండీ. అప్పుడు ఏ తరంగాలు ఎవరివో కాగితం మీద పెట్టి కేటాయించారు. ఇప్పుడు ఏం జరుగుతోందో 4.8–4.99 గిగాహెర్ట్జ్ విషయంలో చూడండి. 2015లో జెనీవా సదస్సులో మొబైల్ టవర్లకు ఒక పరిమితి పెట్టారు: తీరం నుంచి 20 కిలోమీటర్ల దూరాన, సముద్రమట్టం నుంచి 19 కిలోమీటర్ల ఎత్తు దాకా సిగ్నల్ ఫలానా స్థాయి దాటకూడదు. ప్రయాణికుల విమానాలు 10–12 కిలోమీటర్ల ఎత్తులో ఎగురుతాయి. మరి 19 కిలోమీటర్ల ఎత్తు లెక్క ఎవరి కోసం? అంతర్జాతీయ గగనతలంలో తిరిగే సైనిక విమానాల కోసమని గదిలో ఉన్న ప్రతివారికీ తెలుసు. 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్ సదస్సులో ఆ పరిమితి తమకు వర్తించదని రష్యా, చైనాతో పాటు మరికొన్ని దేశాలు రాయించుకున్నాయి. 2023 దుబాయ్ సదస్సులో మళ్లీ అదే పేచీ. ఎవరి విమానం, ఏ పరికరం, ఎంత ఇంటర్‌ఫియరెన్స్ తట్టుకుంటుంది అని సూటిగా అడగలేని చోట ఇంజనీరింగ్ లెక్క తేలదు. బేరమే మిగులుతుంది.

చానల్_100:
ఇద్దరూ 5 గిగాహెర్ట్జ్ కథ వదిలేశారు. 2003 జెనీవా సదస్సులో వైఫైకి ఆ బ్యాండ్ దక్కింది. అక్కడ అప్పటికే సైనిక రాడార్లు ఉన్నాయి. అమెరికా రక్షణ శాఖ, వైఫై కంపెనీలు ఆ ఏడాది జనవరిలోనే కూర్చుని, ఎంత స్థాయి రాడార్ పల్స్ (తరంగపు తునక) వినిపిస్తే రౌటర్ తప్పుకోవాలో తేల్చుకున్నాయి. అందుకే ఈ రోజుకీ రౌటర్ అలాంటి చానల్‌లోకి వెళ్లేముందు 60 సెకన్లు ఊరికే వింటుంది, తర్వాత రాడార్ వినపడితే 10 సెకన్లలో ఖాళీ చేస్తుంది. లోపాలు లేవనను. సెట్టింగ్ సరిగా లేని పరికరాల వల్ల వాతావరణ రాడార్ల తెరల మీద గీతలు పడ్డాయి. అయినా కోట్లాది ఇళ్లు, రాడార్లు ఒకే బ్యాండ్ పంచుకుంటున్నాయి.

అమెరికాలో 3.55–3.7 గిగాహెర్ట్జ్ కూడా అంతే. తీరం వెంబడి సెన్సర్లు నౌకాదళ రాడార్‌ని పసిగట్టి, అక్కడి మొబైల్ వాడకందార్లను వేరే చానల్‌కి పంపిస్తాయి. ఓడ ఏదో, ఎక్కడికి పోతోందో ఎవరికీ చెప్పనక్కర్లేదు.

పాత సిగ్నలర్:
అది మంచి పని, కాదనను. సైన్యం పేరు చెప్పి ఏం చేసినా చెల్లుతుందని కూడా నేననడం లేదు. ఉపగ్రహ నావిగేషన్‌ని జామ్ చేయడం వల్ల పౌర విమానాలు, ఓడలు దారి తెలియక ఇబ్బంది పడుతున్నాయి. ఐటీయూ, అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అంతర్జాతీయ సముద్రయాన సంస్థ 2025 మార్చిలో కలిసి ప్రకటన చేయాల్సి వచ్చింది. దాన్ని నేను సమర్థించను.

కానీ 48ని సవరించాలంటే ఐటీయూ సభ్య దేశాల రాయబారుల మహాసభలో మూడింట రెండు వంతుల ప్రతినిధి బృందాలు ఒప్పుకోవాలి. పెద్ద సైన్యాలున్న దేశాలు ఒప్పుకుంటాయా? ఒకవేళ సవరణ వచ్చినా అది తమకు వర్తించదని రిజర్వేషన్ (మినహాయింపు) రాసి తప్పుకుంటాయి.

అలలవేట:
సరే, సవరణ మాట వెనక్కి తీసుకుంటాను. రక్షణ కోరేవాళ్లు సదస్సుకి ముందే ఐటీయూ అధ్యయన బృందాలకు తమ పరికరాల లెక్కలు ఇవ్వాలి, అంతే అడుగుతున్నా. 5 గిగాహెర్ట్జ్ రాడార్లకు ఐటీయూ సిఫార్సు ఎం.1638లో ఇదే చేశారు. రాడార్ ఏ, రాడార్ బీ, రాడార్ సీ అని అక్షరాలు పెట్టి పవర్, పల్స్ వెడల్పు, తట్టుకునే స్థాయి పట్టికలో ఇచ్చారు. ఏ ఓడదో, ఏ దేశానిదో లేదు. లెక్క ఇవ్వని పరికరానికి రక్షణ అడిగే హక్కు ఉండకూడదు.

పాత సిగ్నలర్:
ఆ పట్టిక పద్ధతికి నేనూ సై. ఒక్క చిక్కు మాత్రం ఉంది. రాడార్ పల్స్ పంపుతుంది కాబట్టి దాన్ని విని తప్పుకోవచ్చు. 7.25–7.75లో ట్రక్కు మీద పెట్టిన ఉపగ్రహ టెర్మినల్ కేవలం వింటుంది, ఆ బ్యాండ్‌లో ఏమీ పంపదు. పక్కన 6జీ టవర్ ఉంటే, ఆ ట్రక్కు అక్కడుందని టవర్‌కి ఎలా తెలుస్తుంది? చానల్_100 గారూ, దీనికి మీ దగ్గర ఏదైనా దారి ఉందా?